నొప్పులు ఎప్పుడు రావాలో ఎవరు చెప్పాలి?
మంత్రసాని నుంచి సెలైన్ సీసా దాకా

మా అమ్మ మంత్రసాని. గుంటూరు జిల్లాలో ఒక మాదిగపల్లె మాది. మా నాయనమ్మ దగ్గర పని నేర్చుకుని, పల్లెలోనూ ఊళ్లోనూ ముప్పై ఏళ్లకు పైగా పురుళ్లు పోసింది. అక్షరం ముక్క రాదు. కానీ కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో, ఎంత దిగిందో చెప్పేది.

ఈమధ్య మా చెల్లి కూతురికి తొలిచూలు. తొమ్మిదో నెల నడుస్తుండగా ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో, "నెలలు నిండాయి, గురువారం మంచిరోజు, వచ్చి చేరండి, నొప్పులు రప్పిస్తాం" అన్నారు. పిల్ల ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. అమ్మ ఒక్కటే అడిగింది: "ఎందుకంట?"

పిల్ల దగ్గర జవాబు లేదు. అక్కడ తను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ 'ఎందుకంట' గురించి. నొప్పులు వాటంతటవి రాకముందే మందుతో రప్పించడం మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పని వల్ల ప్రాణాలు దక్కిన తల్లులున్నారు, ఆ పని వల్లే పోయినవాళ్లూ ఉన్నారు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటూ వచ్చింది? దళిత స్త్రీకి అందులో పాలెంత? ఇవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలు. మన చరిత్రకారులు రాజుల పుట్టుకలు రాశారు గానీ, పురుడు పోసిన చేతుల గురించి రాయలేదు.

లోపల మంత్రసాని, బయట పంచాంగం

'పురుడు' అన్న మాటే చూడండి. తెలుగులో దానికి ప్రసవం అనీ అర్థముంది, మైల అనీ అర్థముంది. బిడ్డ పుట్టడమూ అంటు కావడమూ ఒకే మాటలో ఇరుక్కున్నాయి. నెత్తురు, ఉమ్మనీరు, మాయ ఇవన్నీ అంటరానివయినప్పుడు, వాటిని ముట్టుకునే పని అంటరానివాళ్లదే అయింది. ప్రాంతాన్ని బట్టి మాదిగ, మాల, మంగలి, చాకలి స్త్రీలు మంత్రసానులయ్యారు. బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం, మైలగుడ్డలు ఉతకడం ఈ కులాల ఆడవాళ్ల పాలబడ్డాయి. కూలి కింద కొంచెం గింజలు, ఒక పాత చీర.

మామూలు రోజున గడప తొక్కనివ్వని ఇంట్లోకి, నొప్పులు వచ్చిన రాత్రి మా నాయనమ్మను పరుగున తీసుకుపోయేవాళ్లట. పదకొండో రోజు పురుడు కడిగాక ఆమె మళ్లీ వాకిట్లోనే నిలబడాలి. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే అన్న అర్థంలో తెలుగులో ఒక మోటు సామెత ఉంది. అందరూ నవ్వుతూ వాడతారు. ఆ నవ్వులో కులం ఉంది.

ఆ గదిలో ఇంకో సంగతి కూడా ఉంది. లోపల అంటరాని స్త్రీ చేతుల్లోకి బిడ్డ వస్తుంటే, బయట జాతకం కోసం ఘడియలు లెక్కపెట్టేవాళ్లు. 'ఇప్పుడు పుట్టింది' అని కేకేసేది మంత్రసాని. రాసుకునేది ఇంకొకరు. కాలాన్ని చూసే కన్ను ఒకరిది, రాసే హక్కు ఇంకొకరిది.

అయితే మంత్రసాని పనిలో ఒక జ్ఞానం ఉంది: ఎదురుచూడటం. నొప్పులు మందంగా ఉంటే లేపి నడిపించడం, వేడినీళ్లు పోయడం, మిరియాల కషాయమో కాస్త ఆముదమో ఇవ్వడం చేసేవాళ్లు. "కాయ పండకుండా కొమ్మ ఊపితే ఏమొస్తది?" అనేది అమ్మ. ఆ మాట నేటి వైద్యశాస్త్రానికి ఎంత దగ్గరో ముందుకు పోయాక చూద్దాం.

అట్లాగని మంత్రసానితనాన్ని బంగారం చేయను. కడుపు మీద బలంగా నొక్కడం, కడుక్కోని చేతిని లోపల పెట్టడం, కొడవలితో బొడ్డు కోయడం కూడా ఈ చరిత్రలో భాగమే. ధనుర్వాతంతో పోయిన పసికందులు, అడ్డం తిరిగిన బిడ్డతో రెండు రోజులు అల్లాడి పోయిన తల్లులు మా పల్లె జ్ఞాపకంలో ఉన్నారు. ఆ చావులకు మంత్రసాని చేతులొక్కటే కారణం కాదు. పల్లె నుంచి ఆస్పత్రికి దారి లేకపోవడం, ఊరి బండి పల్లెకు రాకపోవడం కూడా కారణాలే.

దొరల వైద్యం దృష్టిలో మంత్రసాని

మద్రాసులో ప్రసూతి ఆస్పత్రి 1844లో వెలిసింది. 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది. మంత్రసానులకు శిక్షణ ఇవ్వడానికి 1903లో విక్టోరియా స్మారక ఉపకార వేతనాల నిధి పెట్టారు. గుంటూరుకు అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1890లు ముగిసేలోపు స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి నిలబెట్టారు. మిషన్ ఆస్పత్రుల్లో మన స్త్రీలు మొదటిసారి రోగులుగా మంచం ఎక్కారు. తర్వాత్తర్వాత నర్సులు కూడా అయ్యారు. ఆ మేలు కాదనలేం.

కానీ అదే కాలంలో మంత్రసాని మీద ఒక ముద్ర పడింది. 1927లో కేథరిన్ మేయో రాసిన 'మదర్ ఇండియా' మంత్రసానిని మురికికీ మూర్ఖత్వానికీ బొమ్మగా చూపింది. జాతీయవాదులు ఆ పుస్తకం మీద మండిపడ్డారు. దేశం పరువు పోయిందని బాధపడ్డవాళ్లలో ఎంతమంది, మంత్రసాని చేతికి సబ్బు, కూలికి డబ్బు, ఇంట్లోకి దారి ఎందుకు లేవని అడిగారు?

దీనికి భిన్నంగా మాట్లాడిన గొంతు ఒకటుంది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ అంబేద్కర్ మాట్లాడారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని వాదించారు. ఫ్యాక్టరీ స్త్రీల కోసం వచ్చిన బిల్లు అది. పొలంలో నాట్లు వేసే మన స్త్రీకి ఆ విశ్రాంతి ఇంకా చట్టంగా అందలేదు. ఆస్పత్రిలో తోడున్న మొగుడికి రోజు కూలి పోతుంటే, "తొందరగా అయ్యే సూది ఏదైనా వెయ్యండి" అని మనవాళ్లే అడగడం వెనక ఉన్నది ఈ లేమి.

మందు కథ

నొప్పులు రప్పించే మందుల చరిత్ర పొడవునా ఒకే పాఠం తిరిగి తిరిగి వస్తుంది: మందు ముందు వస్తుంది, జాగ్రత్త తర్వాత వస్తుంది, మధ్యలో పేదవాళ్ల ప్రాణాలు పోతాయి.

రై ధాన్యపు కంకులకు పట్టే ఒక బూజు ఉంది, ఎర్గాట్ అంటారు. ఐరోపా మంత్రసానులకు అది ముందే తెలుసు. 1808లో అమెరికా వైద్యుడు జాన్ స్టెర్న్స్ దాని గురించి రాశాక వైద్యులు వాడటం మొదలుపెట్టారు. కాన్పులు త్వరగా అయ్యాయి, చచ్చి పుట్టే బిడ్డలూ ఎక్కువయ్యారు. 1820ల్లో డేవిడ్ హొసాక్ అనే వైద్యుడు, దీన్ని కాన్పు అయ్యాక నెత్తురు ఆపడానికే వాడాలని హెచ్చరించాడు.

1906లో హెన్రీ డేల్, మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి రసం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని చూపాడు. 1909లో బ్లెయిర్ బెల్ దాన్ని ప్రసూతి వైద్యంలోకి తెచ్చాడు. ఒక్కసారిగా సూదిలో ఎక్కిస్తే గర్భసంచి చిట్లిన సందర్భాలున్నాయి. 1948లో థియోబాల్డ్, సెలైన్‌లో బాగా పలచన చేసి చుక్కచుక్కగా ఎక్కించే పద్ధతి చూపాడు. ఆ రసంలోని ఆక్సిటోసిన్‌ను 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1964లో ఎడ్వర్డ్ బిషప్, గర్భాశయ ముఖద్వారం ఎంత మెత్తబడింది, ఎంత పలచబడింది, ఎంత తెరుచుకుంది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది అన్న ఐదు లక్షణాలకు మార్కులు వేసే లెక్క ఇచ్చాడు. మార్కులు 8 లేదా ఆపైన ఉంటే నొప్పులు రప్పించినా కాన్పు సులువు, 6 లేదా లోపు ఉంటే ద్వారం ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

పచ్చి, పండు. అమ్మ చెప్పిన మాటే ఇది. 1964లో మార్కుల రూపంలో కాగితం మీదికి వచ్చింది.

సూది పల్లెకు వచ్చిన తీరు

సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి ఇవ్వాల్సిన మందు, మన పల్లెలకు సెలైన్ లేకుండా వచ్చింది. ఆర్.ఎం.పి. సంచిలో వచ్చింది. 1980ల తర్వాత మంత్రసాని పక్కన ఆర్.ఎం.పి. కూడా ఉండటం మొదలైందని అమ్మ చెప్తుంది. నొప్పులు ఆలస్యమైతే కండలోకి ఒక సూది. ద్వారం తెరుచుకుందో లేదో చూసేది లేదు, బిడ్డ గుండె వినేది లేదు. "సూదేస్తే నొప్పి ఆగకుండా వస్తది. మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఆ సందు లేకపోతే బిడ్డ నల్లబడతది," అంటుంది అమ్మ. ఆమె చూసి చెప్పింది నిజమే. నొప్పికీ నొప్పికీ మధ్య గర్భసంచి వదులైనప్పుడే బిడ్డకు నెత్తురు సరిగ్గా అందుతుంది.

ఇది మా జిల్లా కథ మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఇళ్లలో జరిగే కాన్పుల్లో ఏ పర్యవేక్షణా లేకుండా ఆక్సిటోసిన్ వాడకం గురించి ప్యాట్రీషియా జెఫ్రీ, రోజర్ జెఫ్రీ తదితరులు 2007లో రాశారు. తమిళనాడులో పేద స్త్రీల కాన్పుల మీద సిసిలియా వాన్ హోలెన్ 2003లో తెచ్చిన పుస్తకం, నొప్పులు పెంచే మందులు ఆస్పత్రుల్లో విరివిగా వాడుతున్నారనీ, నొప్పి తెలియకుండా చేసే మందు మాత్రం ఆ స్త్రీలకు దొరకదనీ చూపింది. నొప్పి పెంచడానికి మందు ఉంది, తగ్గించడానికి లేదు. పేద స్త్రీ ఎంత నొప్పయినా ఓర్చుకుంటుందనే నమ్మకం దీని వెనక లేదా?

ఇదే ఆక్సిటోసిన్‌ను పాలు చేపడానికి గేదెలకూ పొడుస్తున్నారు. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు దేశంలో అమ్మకానికి ఈ మందు తయారుచేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాన్పు తర్వాత నెత్తురు పోవడాన్ని ఆపే ముఖ్యమైన మందు ఇదే. గేదె పేరుతో పెట్టిన ఆంక్ష దొరక్క చచ్చేది మొదట ఎవరు? రక్తహీనత ఉన్న పేద తల్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం.

ఆస్పత్రి గోడల లోపల

2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. ఆస్పత్రి కాన్పుకు డబ్బు ఇచ్చారు. అమ్మ దగ్గరికి రావడం క్రమంగా ఆగిపోయింది. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. ఇది సాధించుకున్న సంగతే. మా పల్లెలో ఇప్పుడు కాన్పంటే చావు భయం మునుపటంత లేదు.

కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63. దేశం మొత్తం మీద 21.5. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక, ఆపైన పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గడం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

ఈ అంకెల వెనక బిల్లులున్నాయి, డాక్టర్ల భయాలున్నాయి, లేబర్ రూముల్లో చాలినంతమంది నర్సులు లేకపోవడం ఉంది. ముహూర్తం కూడా ఉంది. ఒకప్పుడు గది బయట కూర్చుని పుట్టిన ఘడియ రాసుకున్న పంచాంగం, ఇప్పుడు లోపలికొచ్చి పుట్టాల్సిన ఘడియ చెప్తోంది. జాతకాలు లేని మన ఇళ్లలోకి కూడా 'గురువారం మంచిది' వచ్చి చేరింది.

నిర్ణయం చేసుకునేటప్పుడు

ఇక 'ఎందుకంట' దగ్గరికి వద్దాం. నొప్పులు రప్పించడానికి నిజమైన కారణాలున్నాయి. బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదం, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం, షుగరు, కడుపులో బిడ్డ ఎదుగుదల ఆగడం, బిడ్డ కడుపులోనే పోవడం, వారాలు దాటిపోవడం. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి 41 వారాలు నిండాయని నిశ్చయంగా తెలిసినప్పుడే రప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ తర్వాత ఆగితే బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం పెరుగుతుంది.

'నిశ్చయంగా' అన్న మాట మనకు ముఖ్యం. మన ఆడవాళ్లు నెలసరి తేదీలు రాసుకోరు. "మిరపకాయ కోతలప్పుడు" అంటారు. అట్లాంటప్పుడు మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగే నమ్మదగ్గ లెక్క. ఎనిమిదో నెల స్కానింగ్ బిడ్డ సైజును బట్టి తేదీ చెప్తుంది, అది రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. మా పిల్ల విషయంలో జరిగింది ఇదే. నర్సింగ్‌హోం వాళ్లు చూసింది ఎనిమిదో నెల కాగితం. ప్రభుత్వాస్పత్రి డాక్టరమ్మ మూడో నెల కాగితం తీయించి చూస్తే 38 వారాలే. తేదీ తప్పితే నెలలు నిండని బిడ్డను బయటికి లాగినట్టవుతుంది.

39 వారాలకే రప్పిస్తే సిజేరియన్లు తగ్గుతాయని చెప్పేవాళ్లు, 2018లో వెలువడిన 'అరైవ్' అనే అమెరికా అధ్యయనాన్ని చూపుతారు. ఆరువేలకు పైగా తొలిచూలు స్త్రీలలో, రప్పించినవాళ్లకు 18.6 శాతం, ఆగినవాళ్లకు 22.2 శాతం సిజేరియన్లు అయ్యాయి. నిజమే. కానీ అక్కడ వారాల లెక్క కచ్చితం, రప్పించాక ఓపికగా ఆగే పద్ధతి ఉంది. పదిమందిలో ఎనిమిదిమందికి కోత పడేచోట ఆ అంకెను అట్లాగే అతికించలేం.

ఎట్లా రప్పిస్తారు? ద్వారం పచ్చిగా ఉంటే ముందు మెత్తబరచాలి. దానికి మిసోప్రోస్టాల్ మాత్ర, డైనోప్రోస్టోన్ జెల్, లేదా ఫోలీ గొట్టం చివరి బుడగ వాడతారు. మిసోప్రోస్టాల్ కడుపులో పుండ్లకు వచ్చిన మందు. కాన్పుకు 25 మైక్రోగ్రాములు రెండు గంటలకోసారి నోటి ద్వారా ఇవ్వాలని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పుండ్ల మాత్ర 200 మైక్రోగ్రాములది, అంటే ఎనిమిది రెట్లు. దాన్ని ఇంట్లోనో ఆర్.ఎం.పి. దగ్గరో విరిచి వేసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బీపీ ఉన్న 602 మంది గర్భిణుల మీద నాగపూర్ ప్రభుత్వాస్పత్రుల్లో జరిగిన పరిశోధన 2017లో అచ్చయింది. 24 గంటల్లో మామూలు కాన్పు అయినవాళ్లు మాత్రతో 57 శాతం, ఫోలీ బుడగతో 47 శాతం. అంటే ఒక రోజు గడిచినా చాలామందికి కాన్పు కాలేదు. తొలిచూలుకు ఒకటిన్నర రోజు, రెండు రోజులు కూడా పట్టవచ్చు. ఇది ముందే చెప్తే, "ఇంకా కాలేదు, పెద్దాపరేషన్ చేసేయండి" అని మనవాళ్లు భయపడి అనరు.

ద్వారం మెత్తబడ్డాక ఉమ్మనీటి సంచి చిదపడం, సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఎక్కించడం ఉంటాయి. ఈ నొప్పులు బలంగా, దగ్గరదగ్గరగా వస్తాయి. పది నిమిషాల్లో ఐదుకు మించి వస్తుంటే మందు తగ్గించాలి, లేదా ఆపాలి. బిడ్డ గుండెచప్పుడు మళ్లీ మళ్లీ వినాలి. ముందు సిజేరియన్ అయిన తల్లికి పాత కోత చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి మిసోప్రోస్టాల్ ఇవ్వకూడదు. ఆపరేషన్ సౌకర్యం, రక్తం అందుబాటులో లేనిచోట నొప్పులు రప్పించే పనే పెట్టుకోకూడదు.

కాబట్టి గర్భిణి అడగవలసినవి ఎక్కువ లేవు. ఎందుకు? వారాలు ఏ కాగితాన్ని బట్టి లెక్కేశారు? ద్వారం పచ్చిగా ఉందా, మెత్తబడిందా? ఏ మందు, ఎంతసేపు చూస్తారు? ఆగితే ఏమవుతుంది? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు వాడ ఆడవాళ్లకు దొరకకపోవడమే ఈ చరిత్ర సారం.

మళ్లీ మా ఇంటికి

మా పిల్ల గురువారం చేరలేదు. వారం వారం ప్రభుత్వాస్పత్రికి పోయి బీపీ, బిడ్డ గుండె చూపించుకుంది. 41 వారాలు నిండాయి, నొప్పులు రాలేదు. అప్పుడు డాక్టరమ్మ రప్పిద్దామంది. కారణం చెప్పింది. పిల్ల ఇంటికొచ్చి అమ్మమ్మను అడిగింది. "ఇప్పుడు పో అమ్మా. ఇంక ఆగకూడదు. కాయ పండింది," అంది అమ్మ. మాత్రలు, సెలైన్, ఒక పగలూ రెండు రాత్రులూ. ఆడపిల్ల పుట్టింది, కోత లేకుండా.

ఆ రెండు రాత్రులూ అమ్మ లేబర్ రూము బయట నేల మీద కూర్చుంది. లోపలికి రానివ్వలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ ఇచ్చి, తల్లి పక్కన ఓపికగా ఉండే మంత్రసానితనాన్ని నేర్పుతున్నారు. తెలంగాణ 2017లోనే ఆ పని మొదలుపెట్టింది. మంచిదే. కానీ ఆ జ్ఞానాన్ని తరాలుగా మోసిన స్త్రీలకు ఆ చరిత్రలో ఒక పేరా కూడా దక్కలేదు. అంటు అన్నప్పుడు పని మనది. చదువు, జీతం, గౌరవం వచ్చేసరికి అది ఇంకెవరిదో.

మాకు పాత పురిటిగది మళ్లీ కావాలని లేదు. ఆస్పత్రి కావాలి, ఆక్సిటోసిన్ కావాలి, అవసరమైతే కోత కూడా కావాలి. వాటితోపాటు, వాడ నుంచి వచ్చిన పిల్ల బల్ల మీద పడుకుని 'ఎందుకు' అని అడిగితే కసురుకోకుండా చెప్పే జవాబు కావాలి.